నడిమి తరంవాడు

వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, ప్రతి ఏటి వలెనే శతక సాహిత్యం గురించో, ప్రబంధ నాయికల గురించో నాలుగు పుటలు వ్రాసి ఇద్దామనుకున్నాను. ఇరవై ఏళ్లకు పైబడి తెలుగు చెప్పుకొని బ్రతుకుతున్న వానికి అది పెద్ద పనేమీ కాదు. కాని ఈసారి కలం అటు సాగలేదు. చాలా రోజులుగా ఒక మాట నా గుండెలో ముల్లులా గుచ్చుకుంటున్నది. దానిని విద్యార్థుల ఎదుట, కళాశాల కమిటీ పెద్దల ఎదుట చెప్పుకుంటే తప్ప నాకు ఊరట లేదు. కనుక ఈ వ్యాసం కొంత అమెరికా దేశపు సంగీతాన్ని గురించినది. కొంత నా తప్పును గురించినది.

మొదట తప్పు సంగతి చెబుతాను.

2023లో వార్షికోత్సవ సాంస్కృతిక కార్యక్రమాల ఎంపిక బాధ్యత నాకు అప్పగించారు. దరఖాస్తులలో నాతులు, గజళ్లు, దేశభక్తి గీతాలు, ఏకపాత్రాభినయాలు మామూలుగానే ఉన్నాయి. వాటి నడుమ ఒక కాగితం మీద “స్వీయరచన, ర్యాప్, ఐదు నిమిషాలు” అని వ్రాసి ఉన్నది. డిగ్రీ ఆఖరి సంవత్సరం కుర్రవాడు. తరగతిలో వెనుక బల్ల మీద కూర్చొని, ఎప్పుడూ ఏదో గొణుక్కుంటూ, వ్రేళ్లతో బల్ల మీద తాళం వేసుకొనేవాడు. నేను ఆ పేరు మీద ఎర్ర సిరాతో గీత గీశాను. మరునాడు అతడు నా గదికి వచ్చి, “సార్, ఒక్కసారి వినండి సార్. సగం తెలుగు, సగం మన ఉర్దూ. చెడ్డమాట ఒక్కటీ లేదు” అన్నాడు. “ఇది కళాశాల వేదిక నాయనా, వీధి కాదు” అన్నాను. అతడు కాసేపు నిలబడ్డాడు. “మీరు విననైనా వినలేదు సార్” అని మాత్రం అని వెళ్లిపోయాడు. ఆ తరువాత పరీక్షలకు తప్ప కళాశాలలో అతడు నాకు కనిపించలేదు.

ఆ మాటను నేను త్వరలోనే మరచిపోయాను. కాదు, మరచిపోయాననుకున్నాను.

2024 నవంబరు 3న క్విన్సీ జోన్స్ అనే అమెరికన్ సంగీతజ్ఞుడు తన 91వ ఏట మరణించాడు. మరుసటి రోజుల్లో పత్రికలన్నీ ఆయనను గురించి వ్రాశాయి. మైకేల్ జాక్సన్ చేత ‘థ్రిల్లర్’ పాడించిన నిర్మాత ఆయనేనని చదివి, అంతమాత్రమే కాబోలు అనుకున్నాను. సాయంత్రం మా అమ్మాయి తన ఫోనులో ఆయన ఆల్బం ఒకటి పెట్టింది. మా నాన్నగారు ప్రక్క గదిలో మంచం మీద ఉన్నారు. వారికి 82 ఏళ్లు. “శబ్దం తగ్గించమ్మా, దాదా పడుకున్నారు” అనబోతుండగా, “తగ్గించవద్దు. తలుపు తీసి ఉంచండి” అని లోపలి నుండి ఆయన గొంతు వినవచ్చింది.

నాన్నగారి గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన నలభై ఏళ్లు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించారు. బరాతు ముందు నడుస్తూ, పెట్రోమాక్సు దీపాల వెలుగులో, సినిమా పాటలూ ఖవ్వాలీ వరుసలూ వాయించి మమ్మల్ని చదివించారు. క్లారినెట్‌కు ఊపిరి ఎంత అవసరమో పళ్లూ అంత అవసరం. క్రింది పెదవిని పళ్ల మీదికి మడచి, దాని మీద రీడును ఆనించి ఊదాలి. పళ్లు కదలగానే స్వరం కదిలింది. పళ్లు ఊడగానే వాద్యం గోడకెక్కింది. పన్నెండేళ్లుగా అది గుడ్డసంచిలో మేకుకు వ్రేలాడుతూనే ఉన్నది. ఆయన దానివైపు చూడరు, ఎవరినీ తాకనివ్వరు.

ఆనాడు మా ఇంట్లో మ్రోగిన ఆల్బం పేరు ‘బ్యాక్ ఆన్ ది బ్లాక్’. మన మాటలో చెప్పాలంటే ‘మళ్లీ మన వీధిలోకి’ అని అర్థం. 1989 నవంబరులో వెలువడింది. అందులో పాల్గొన్న వారి వయస్సులు చూస్తేనే ఆశ్చర్యం కలుగుతుంది. ఎల్లా ఫిట్జెరాల్డ్‌కు అప్పటికి 72 ఏళ్లు. డిజ్జీ గిలెస్పీదీ ఇంచుమించు అదే వయస్సు. సారా వాన్‌కు 65, మైల్స్ డేవిస్‌కు 63. వీరంతా జాజ్ సంగీతానికి మూలస్తంభాల వంటివారు. సోల్ గానానికి పెద్దదిక్కయిన రే చార్ల్స్ అరవైకి చేరువలో ఉన్నాడు. ఆయన ప్రక్కన చాకా ఖాన్ పాడింది. మరొక వైపు ఐస్-టి, మెలీ మెల్, కూల్ మో డీ, బిగ్ డాడీ కేన్ అనే ర్యాప్ యువకులు. వీరిలో కేన్‌కు 21 ఏళ్లు. వీరందరికంటె చిన్నవాడు టెవిన్ క్యాంప్‌బెల్ అనే బాలుడు, అతనికి పదమూడేళ్లు. తాతలు, తండ్రులు, మనుమలు ఒకే పందిరి క్రింద చేరినట్లున్నది.

అయితే ఒక చోట చేరినంత మాత్రాన కచేరీ కాదు. పెళ్లిలో ఒకే పందిరి క్రింద సన్నాయీ, లౌడ్‌స్పీకరూ పోట్లాడుకోవడం మనం ఎరుగనిది కాదు. ఈ ఆల్బంలో ఆ పోట్లాట ఎందుకు లేదో నాకు తెలియజెప్పింది నాన్నగారే.

‘బర్డ్‌లాండ్’ అనే వాద్యగీతం వచ్చింది. 1949లో న్యూయార్కులో తెరచిన ఒక జాజ్ క్లబ్బు పేరది. చార్లీ పార్కర్ అనే మహావిద్వాంసుని ముద్దుపేరు ‘బర్డ్’. ఆయన మీది గౌరవంతో దానికి ఆ పేరు పెట్టారు. ఆ క్లబ్బు స్మృతితో జో జావినుల్ కూర్చిన ఈ గీతం 1977లో ‘వెదర్ రిపోర్ట్’ అనే బృందం ద్వారా లోకానికి పరిచయమైంది. క్విన్సీ దానిని ఈ ఆల్బంలో తిరిగి వాయింపజేస్తూ, జావినుల్‌ను కూడ పిలిచాడు. అంతకంటె ముఖ్యం, గీతానికి ముందు ఒక చిన్న ప్రవేశిక పెట్టాడు. అందులో కూల్ మో డీ, బిగ్ డాడీ కేన్ తమ ర్యాప్ ధోరణిలో పెద్దలను ఒక్కొక్కరినీ పేరు పెట్టి సభకు పరిచయం చేస్తారు. పేరు వినబడగానే ఆ పెద్దలు తమ బాకాతోనో, గొంతుతోనో ఒక ముక్క పలికి జవాబిస్తారు.

నాన్నగారికి ఇంగ్లీషు రాదు. ఈ పేర్లలో ఒక్కటీ ఆయన వినలేదు. అయినా ఆ భాగం వస్తుండగా ఆయన కుడిచేయి మెల్లగా పైకి లేచి చెవి తమ్మెను తాకింది. మన సంగీతకారులలో ఉస్తాదు పేరు ఎత్తినప్పుడు చెవి పట్టుకొనే ఆచారం ఉన్నది. “బేటా, ఆ కుర్రవాళ్లు తమ ఉస్తాదుల పేర్లు చెబుతున్నారు కదూ?” అని అడిగారు. అవునన్నాను. “చూశావా, ముందు పేర్లు చెప్పి, తరువాత ప్రక్కకు తప్పుకున్నారు. ఉస్తాదులు కూడ ఎక్కువ వాయించలేదు. ఇద్దరికీ అదబ్ తెలుసు” అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరువాత కొన్ని వారాలపాటు ఈ ఆల్బం గురించీ, దానిని కూర్చినవాని గురించీ దొరికినదంతా చదివాను. చదివిన కొద్దీ నాకొక సంగతి స్పష్టమైంది. ఈ కథలో ముఖ్యుడు పెద్దవాడూ కాడు, చిన్నవాడూ కాడు, నడిమి తరంవాడు. 1989లో క్విన్సీకి 56 ఏళ్లు. ఇంచుమించు నా వయస్సే.

ఆయన 1933లో చికాగో నగరంలో పుట్టాడు. తల్లికి మతి చలించి, ఆమెను ఆసుపత్రిలో చేర్చినప్పుడు పసివాడు. యుద్ధకాలంలో తండ్రి వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్‌లో నౌకల పనికి కుదిరాడు. అక్కడ పదకొండేళ్ల ప్రాయంలో ఒక రాత్రి తోటి పిల్లలతో కలిసి తినుబండారాల కోసం ఒక వినోదశాలలో దొంగతనంగా దూరితే, చీకటి గదిలో ఒక పియానో కనబడిందట. దాని మీద వ్రేళ్లు ఆనించిన నాటి నుండి ఆయన బ్రతుకుకు ఒక దారి దొరికింది. సియాటిల్‌లో పద్నాలుగేళ్ల వయస్సులో, తనకంటె రెండు మూడేళ్లు మాత్రమే పెద్దవాడైన రే చార్ల్స్‌తో స్నేహం కలిసింది. చూపులేని ఆ యువకుడే ఆయనకు స్వరాల కూర్పులో తొలి పాఠాలు చెప్పాడు.

ఇంతకంటె నా మనస్సుకు తగిలిన సంగతి మరొకటి ఉన్నది. కౌంట్ బేసీ బ్యాండుతో సియాటిల్‌కు వచ్చిన క్లార్క్ టెర్రీ అనే ట్రంపెట్ విద్వాంసుని వద్దకు ఈ కుర్రవాడు వెళ్లి, నేర్పమని అడిగాడు. టెర్రీకి రాత్రంతా కచేరీ. కుర్రవానికి ప్రొద్దున్నే బడి. కుదరదని చెప్పడానికి ఆ పెద్దమనిషికి కావలసినన్ని కారణాలు ఉన్నాయి. ఆయన అలా చెప్పలేదు. రాత్రి కచేరీ ముగించుకొన్న అలసటతోనే, తెల్లవారుజామున, బడి వేళకు ముందు పాఠం చెప్పాడు. మైల్స్ డేవిస్‌కు సైతం కుర్రతనంలో దారి చూపినవాడు ఈ టెర్రీయే. పదేళ్లు గడిచిన తరువాత, 1959లో క్విన్సీ సొంత బ్యాండు కట్టుకొని యూరప్ బయలుదేరితే, టెర్రీ డ్యూక్ ఎల్లింగ్‌టన్ అంతటివాని కొలువు వదలి శిష్యుని బ్యాండులో వచ్చి చేరాడు.

క్విన్సీ 1956లో డిజ్జీ గిలెస్పీ బ్యాండులో ట్రంపెట్ వాయిస్తూ, దానికి సంగీత నిర్వాహకుడుగా మన ఉపఖండానికి కూడ వచ్చాడు. అమెరికా ప్రభుత్వం పంపిన ఆ బృందం కరాచీలోనూ, ఢాకాలోనూ కచేరీలు చేసింది. అప్పటికి ఆయనకు 23 ఏళ్లు. 1974లో మెదడులో రక్తనాళం చిట్లి, రెండుసార్లు శస్త్రచికిత్స చేయించుకొని ప్రాణాలతో బయటపడ్డాడు. కాని ఇక ట్రంపెట్ ఊదరాదని వైద్యులు చెప్పారు. ఈ సంగతి చదివి వినిపించినప్పుడు నాన్నగారు గోడ మీది గుడ్డసంచి వైపు చూశారు. “అయితే ఊదడం పోయినా ఇతరుల చేత ఊదించాడన్న మాట” అన్నారు. తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

ఇక ర్యాప్ సంగతి. అది నిన్నకాక మొన్న పుట్టిన గోల అని నేను అనుకొనేవాణ్ణి. హిప్‌హాప్ పుట్టుకను 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్ పేటలో జరిగిన ఒక వేడుకతో ముడిపెడతారు. కూల్ హర్క్ అనే కుర్రవాడు, తన చెల్లెలు బడి తెరిచే ముందు ఏర్పాటు చేసిన విందులో రికార్డులు వేశాడు. జేమ్స్ బ్రౌన్ వంటి సోల్ గాయకుల రికార్డులలో పాట ఆగి డోలు ఒక్కటే మ్రోగే ముక్క ఒకటి ఉంటుంది. రెండు యంత్రాల మీద ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టి, ఆ ముక్కనే మళ్లీ మళ్లీ వేసి సాగదీయడం హర్క్ కనిపెట్టిన ఉపాయం. ఆ దరువు మీద మాటలు పేర్చడం తరువాత వచ్చింది. అంటే ఈ కొత్త కళ పెద్దల రికార్డులను పారవేసి పుట్టలేదు. వాటిని ఒళ్లో పెట్టుకొనే పుట్టింది. వాద్యాలు కొనుక్కోలేని పేదపిల్లలు తమ ఇంట్లోని పాత రికార్డులనే వాద్యాలుగా చేసుకున్నారు.

అయినా పెద్దలు దానిని సంగీతంగా ఒప్పుకోలేదు. గ్రామీ పురస్కారాలలో ర్యాప్‌కు తొలిసారి చోటిచ్చినది 1989 ఫిబ్రవరిలో. ఆ పురస్కార ప్రదానాన్ని టెలివిజన్‌లో చూపలేదు. బహుమతి పొందిన యువకులే సభకు రాకుండా నిరసన తెలిపారు. ఆ ఏడాది చివరనే క్విన్సీ ఆల్బం వచ్చింది. 1991లో ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బంగా గ్రామీని అందుకున్నది కూడ అదే. రెండేళ్ల క్రిందట తెర వెనుక ఉంచిన కళ, పెద్దల చేయి పట్టుకొని సభ నడుమకు వచ్చి నిలబడింది.

ఈ చిన్నచూపు కూడ కొత్తది కాదు. 1940ల ప్రాంతంలో గిలెస్పీ, పార్కర్ మొదలైనవారు బీబాప్ అనే కొత్త ధోరణిని తెచ్చినప్పుడు, గిలెస్పీని తన బ్యాండులో వాయింపజేసుకున్న క్యాబ్ క్యాలొవే అంతటివాడే దానిని చైనా సంగీతమని ఎగతాళి చేశాడు. ఒకనాడు తాను పడ్డ మాటలు గిలెస్పీకి జ్ఞాపకం ఉన్నాయి కాబోలు, డెబ్బై దాటిన వయస్సులో ర్యాప్ కుర్రవాళ్ల ప్రక్కన ట్రంపెట్ పట్టుకొని నిలబడటానికి వెనుదీయలేదు.

ఎల్లా ఫిట్జెరాల్డ్ కథ కూడ మన వేదికకు పాఠం కాదగినది. 1934 నవంబరులో, న్యూయార్కు అపోలో నాటకశాలలో కొత్తవారికి అవకాశమిచ్చే రాత్రి, నాట్యం చేస్తానని పేరిచ్చి వచ్చిన పదిహేడేళ్ల పేదపిల్ల ఆమె. తనకు ముందు ఆడినవారిని చూసి బెదరి, ఆఖరు నిమిషంలో ఆడనని, పాడతానని అన్నది. జనం మొదట గేలి చేశారు. అయినా ఆమెను దింపివేయలేదు. ఆమె పాడింది, బహుమతి గెలిచింది. 1942లో అదే వేదిక మీద గెలిచిన మరొక పిల్ల సారా వాన్. ఆ గెలుపుతో ఆమెకు దొరికిన అవకాశం అపోలోలో ఎల్లా కచేరీకి ముందు పాడటం. 47 ఏళ్ల తరువాత ఆ ఇద్దరూ ఈ ఆల్బంలో మళ్లీ కలిశారు. వాద్యాలేవీ లేకుండా గొంతులతోనే సాగే ఒక పాటలో కుర్ర గాయకుల నడుమ వారి గొంతులు వినబడతాయి. సారా వాన్ స్టూడియోలో పాడిన పాటలలో చివరివి ఇవే. 1990 ఏప్రిల్‌లో ఆమె కన్నుమూసింది. మరుసటి ఏడు మైల్స్ డేవిస్, 1993 జనవరిలో గిలెస్పీ వెళ్లిపోయారు. క్విన్సీ ఇంకొక రెండేళ్లు ఆలోచిస్తూ కూర్చొని ఉంటే, ఆ కుర్రవాళ్లు పేర్లు పిలిచినప్పుడు పలికేవారిలో కొందరు ఉండేవారు కాదు.

ఈ ఆల్బంలోని పాటలన్నీ నాకు నచ్చాయని చెప్పను. కొన్ని చోట్ల మెరుగు ఎక్కువై, ఎముక కనబడదు. చివరనున్న ప్రేమగీతం నా వయస్సువానికి సాగదీసినట్లు తోచింది. ఆ పెద్దలు తమ సొంత కచేరీలలో ఇంతకంటె గొప్పగా పాడారనే జాజ్ రసికులూ ఉన్నారు. కావచ్చు. కాని ఆ పెద్దలను, ఆ పిల్లలను ఒకరి మాట ఒకరు వినేటట్లు కూర్చోబెట్టడం మరొకరి వల్ల అయిన పని కాదు. పెద్దలు ఆయనను నమ్మారు, ఆయన వారి బ్యాండులలో వాయించినవాడు కనుక. పిల్లలు నమ్మారు, ఆయన ముందు విన్నాడు కనుక.

అప్పుడు నాకు ఆ ఎర్ర గీత జ్ఞాపకం వచ్చింది. వీధి కాదు అన్న నా మాటా జ్ఞాపకం వచ్చింది. ప్రపంచమంతా మెచ్చిన ఆ ఆల్బం పేరులోనే వీధి ఉన్నది.

నాన్నగారికి ఆ సంగతి చెప్పాను. వారు కోప్పడతారనుకున్నాను. ఆయన చెప్పినది వేరు. 1980ల చివర తమ బ్యాండులో ఒక పిల్లవాడు క్యాసియో పెట్టె తెచ్చి, బండి మీద పెట్టుకొని వాయిస్తానంటే, “ఊపిరి లేని వాద్యం నా బ్యాండులో మ్రోగదు” అని వెళ్లగొట్టారట. ఆ పిల్లవాడు వేరే బ్యాండు పెట్టుకున్నాడు. ఊళ్లోని పెళ్లిళ్లన్నీ అతనివైపు వెళ్లాయి. “బేరాలు పోయినందుకు నాకు బాధ లేదు బేటా. వాడికి క్లారినెట్ వరుసలన్నీ తెలుసు. నా తరువాత అవి తెలిసినవాడు వాడొక్కడే. ఇప్పుడు వాడూ లేడు” అన్నారు.

మరునాడే నేను ఆ విద్యార్థి చిరునామా వెదికించాను. ఊళ్లోనే ఒక మొబైల్ దుకాణంలో పని చేస్తున్నాడు. నేను మెట్లెక్కి వెళ్లగానే కంగారుగా లేచి నిలబడ్డాడు. “నాయనా, ఆ రోజు వినలేదు. ఇప్పుడు వినిపిస్తావా?” అన్నాను. అతడు వెంటనే జవాబు చెప్పలేదు. “ఆ పాట మానేశాను సార్” అన్నాడు. రెండు వారాల తరువాత ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. నాన్నగారి మంచం ప్రక్కన కుర్చీ వేశాము. ఫోనులో దరువు పెట్టుకొని, మొదట తడబడుతూ, తరువాత ధారగా చెప్పాడు. అది తన వీధిని గురించిన పాట. సైకిళ్ల పంక్చర్లు వేసే ముసలాయన, కాన్పులు చేసే బూబమ్మ, వానకు కారే మసీదు వరండాలో ఉచితంగా ఉర్దూ నేర్పిన మౌల్వీ సాహెబు, తెలుగు అక్షరాలు దిద్దించిన పంతులమ్మ, వీరందరి పేర్లూ వరుసగా అందులో ఉన్నాయి. నేను ఏ మర్యాద లేదని గీత గీశానో, ఆ మర్యాదతోనే ఆ పాట నిండి ఉన్నది.

నాన్నగారు వ్రేళ్లతో మంచంపట్టె మీద తాళం వేస్తూ విన్నారు. పాట ముగిశాక, “నీ ఉస్తాదు ఎవరు?” అని అడిగారు. “ఎవరూ లేరు దాదా. ఫోనులో విని నేర్చుకున్నాను” అన్నాడు. సంగీతకారులలో ‘బేఉస్తాదా’ అనడం పెద్ద తిట్టు. గురువు లేనివాడని దాని అర్థం. నాన్నగారు ఆ మాట అంటారేమోనని భయపడ్డాను. ఆయన నావైపు తిరిగి, “గురువు లేకపోవడం వీడి తప్పు కాదు. తలుపు తట్టాడు కదా” అన్నారు. ఆ తరువాత గోడ మీది సంచి దింపమన్నారు. క్లారినెట్ బయటకు తీసి చూశాము. రీడు ఎండి, అంచున పగిలి ఉన్నది. “కొత్తది తెప్పించు. నేను ఊదలేను. వీడికి ఒకటి రెండు వరుసలు నోటితో చెబుతాను, కావాలంటే వాటి మీద మాటలు కట్టుకుంటాడు” అన్నారు. ఆ కుర్రవాడు ఇప్పుడు నెలకు ఒకటి రెండు ఆదివారాలు వస్తున్నాడు. ఏమి తయారవుతుందో నాకు తెలియదు. ఏమీ తయారు కాకపోయినా, మా ఇంట్లో పన్నెండేళ్ల తరువాత కొన్ని వరుసలు వినబడుతున్నాయి.

విద్యార్థి మిత్రులారా! మీ పాట కొత్తదని సిగ్గుపడకండి. కాని పాడే ముందు మీకు ముందున్నవారి పేర్లు తెలుసుకోండి. ముషాయిరాలో కొత్త కవి ముందు చదువుతాడు, పెద్ద కవి ఆఖరున చదువుతాడు. కాని కొత్త కవి చదివేటప్పుడు పెద్దకవి లేచి పోడు, కూర్చొని వింటాడు. ఆ సంప్రదాయం మన కళాశాలకు తెలియనిది కాదు.

కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. వార్షికోత్సవంలో ప్రతి ఏడూ ఒక అంశాన్ని, మన ఊరి పాత కళాకారుడొకరూ, మన విద్యార్థి ఒకరూ కలిసి చేసేందుకు కేటాయించండి. పదిహేను నిమిషాలు చాలు. వారిని కలిపే పని మా వంటి నడివయస్సు వారికి వదలండి. అది మా బాధ్యత. ఇన్నాళ్లు మేము దానిని అడ్డుకోవడమే బాధ్యత అనుకున్నాము.

ఈ ఏటి దరఖాస్తుల కట్ట నా బల్ల మీదికి వచ్చింది. ఎర్ర కలం సొరుగులో పెట్టాను. ముందు అందరినీ వింటాను.